రాజు ఒక్కసారి ఎగురుతడు

పోయిన వారం మంచిర్యాలల నేను చేసిన ఆగం మీరు మరిచిపోయి ఉంటే నాకంత సంతోషం ఇంకోటి లేదు. కానీ మరువరు, నాకు తెలుసు. మంచి పనులు చేస్తే ఎవ్వలకు యాదికుండయి గానీ, బాలలక్ష్మి చేతుల ఓడిపోయి, చెస్సు బల్ల మీది పావులన్నీ ఒక్క చేతితోని కిందికి ఊడ్చేసి, ఎవ్వలకు చెప్పకుంట బస్సెక్కి కరీంనగర్ వచ్చిన ప్రమోదినిని మాత్రం మస్తు మంది యాదిపెట్టుకుంటరు.

ఆ ఆట దాక నేను అందరికంటె ఒక పాయింటు ముందున్న. ఆ ఒక్క ఆటతోని ఇద్దరం సమానమైనం. రెండు జిల్లాలకు కలిపి ఆడోళ్లకున్నది ఒక్కటే సీటు. ఆ సీటు దొరికితే హైదరాబాదుల రాష్ట్రం పోటీలకు పోవచ్చు, అక్కడ జట్టుల పేరొస్తే రైల్వేల కొలువు దొరుకుతదని అంటరు. ఇప్పుడు నేను టెలిఫోన్ ఎక్స్చేంజిల టెంపరరీ మీద ఉన్న, ఎప్పుడు పొమ్మంటరో తెల్వదు. పోయినేడు ఆఖరి ఆటల ఓడిన. అంతకు ముందేడు గూడ అంతే. ఈసారన్న గెలుద్దామంటే మళ్ల ఆదివారం మంచిర్యాలకు పోయి అదే బాలలక్ష్మి ముంగట కూసోవాలె. గెలిచినోళ్లకు సీటు, ఓడినోళ్లకు బస్సు.

ఓడిపోయి ఇంటికొస్తే ఎంతమంది గురువులు పుట్టుకొస్తరో నాకు ఈ వారమే తెల్సింది.

ముందుగల్ల వకీలు రామేశ్వర్‌రావు. మా కరీంనగర్ క్లబ్బుకు ఆయనే పెద్ద. నేనింక చెప్పులు గూడ ఇడువలేదు, "మంత్రి ముందటి బంటు జరిపి మొదలువెట్టాలె నువ్వు" అన్నడు. "అదే జరిపిన గదా సార్" అన్న. జరసేపు గడ్డం గోక్కొని, "అట్లయితే రాజు ముందటిది జరపాల్సుండె" అన్నడు. ఆట ఎట్ల నడిచిందో ఒక్క ముక్క అడుగలేదు. కోర్టుల గూడ గిట్లనే వాదిస్తడేమో, పాపం ఆయన క్లయింట్లు.

ఆయన తర్వాత, బజార్లకు పోతే బట్టల దుకాణం హనుమండ్లు పిలిచిండు. "గుర్రం పోగొట్టుకున్నవట గదా చెల్లె" అన్నడు. గుర్రం పోలేదే, ఏనుగు పోయిందంటే వినడు. "గుర్రాలు లేకుంటే ఆటేముంటది. నేనైతే పానం పోయినా గుర్రాన్ని ఇయ్యను" అనుకుంట, గిరాకీకి జాకెట్టు గుడ్డ కొలుస్తనే నాకు సలహాలిచ్చిండు. హనుమండ్లన్న మా క్లబ్బుల ఒక్కసారి గూడ ఫస్టు రాలేదు. ఆ మాట నేను అనలేదు, అనాలని మాత్రం నాలుక కొసదాక వచ్చింది.

అందరి మాటలు చెవిన పడ్డయి, ఒక్కటి గూడ లోపటికి దిగలేదు. నా ఆట నేనే చూసుకుంట అనుకొని, ఎత్తులు రాసుకున్న కాయితం ముంగట పెట్టుకొని కూసున్న. మొదటి నుంచి అన్నీ మంచిగనే అనిపిచ్చినయి. ఆఖరుకు వచ్చినంక, ఏనుగును ఉత్తగనే పోగొట్టుకున్న కాడ ఎర్ర పెన్సిలుతోని 'తప్పు' అని రాసిన. గంతే. ఆ ఒక్క ఎత్తు లేకుంటే నేను గెలిచేదాన్నే.

బాపు గూడ అదే అన్నడు. "సక్కగనే ఆడినవు బిడ్డా. ఆఖరికి కన్ను జారింది." మా బాపు జలపతిరావు మాట నాకు చల్లగున్నది. ఎవ్వల మాట చల్లగుంటదో వాళ్ల మాటనే నిజమనుకునుడు నాకు మొదటి నుంచి ఉన్న రోగం.

గిట్ల ఎర్ర పెన్సిలు చేతుల పట్టుకొని నన్ను నేను ఓదార్చుకుంటున్న గురువారం నాడు, మధ్యాహ్నం దాటినంక, గేటు చప్పుడైంది. చూస్తే బాలలక్ష్మి.

చూసుడుతోనే నాకు వొళ్లు మండింది. ఆమె మంచిర్యాలల ఒక బడిల లెక్కల టీచరు. నాకంటె నాలుగైదేండ్లు పెద్దది. ఓడగొట్టినప్పుడు మొకంల ఎంత శాంతం ఉన్నదో, మా ఇంటి ముంగట నిలవడ్డప్పుడు గూడ అంతే శాంతం. భుజానికి బ్యాగు, చెప్పుల నిండ బస్టాండు దుమ్ము.

"ఎందుకొచ్చినవు?" అన్న. కూసోమనుడు లేదు, నీళ్లు తాగుతవా అనుడు లేదు.

"ఆట మిగిలిపోయింది ప్రమోదినీ" అన్నది.

"నువ్వు గెలిచినవు గదా. ఇంకేం మిగిలింది?"

"ఆడుడు అయిపోయింది. చూసుడు మిగిలింది."

మంచిర్యాలోళ్లకు ఒక ఆచారం ఉన్నది. ఆట అయినంక ఇద్దరు లేచిపోవద్దు. అదే బల్ల కాడ కూసొని మొదటి ఎత్తు నుంచి మళ్ల పెట్టుకొని చూడాలె. ముందుగల్ల ఓడినోళ్లే మాట్లాడాలె, గెలిచినోళ్లు నోరు తెరువద్దు. వాళ్లు చెప్పుకునుడు అయినంకనే గెలిచినోళ్ల వంతు. అన్నిటికంటె పెద్ద షర్తు ఏందంటే, ఎదుటోళ్ల ఆటల ఏ తప్పు కనవడ్డా మొకం మీదనే చెప్పాలె. దాసుకొని, మళ్లసారి అదే తప్పు మీద గెలిస్తే, ఆ గెలుపును అక్కడ ఎవ్వలు లెక్కల పట్టరు. మా కరీంనగర్‌ల గీ ఆచారం లేదు. మా దగ్గర ఓడినోళ్లు ఇంటికి పోతరు, గెలిచినోళ్లు చాయ్ తాగిపిస్తరు, ఆటను చూడనోళ్లు సలహాలు చెప్తరు.

"ఆదివారం నాతోని ఆడేదానివి నువ్వు. నా తప్పులు నాకు చెప్పనీకి ఇంత దూరం వచ్చినవా? నన్నేమన్న పిచ్చిదాననుకున్నవా?" అన్న.

"నాకు గూడ గట్లనే అనిపిచ్చింది. పోవద్దనుకున్న. కానీ చూడని ఆట మీదికెళ్లి లేచి ఇంకో ఆట ఆడుడు నాకు చేతగాదు. నిద్ర పడ్తలేదు" అన్నది.

నేను ఇంకేదో అనబోతుంటే లోపటి నుంచి బాపు వచ్చిండు. "ఎవ్వలు బిడ్డా? మంచిర్యాల ఆమెనా? లోపటికి రా తల్లీ, ఎండలెందుకు నిలవడ్డవు" అన్నడు.

"దండం కాకా" అని లోపటికొచ్చి కూసున్నది. కాకనట. నా ఇంట్ల నా బాపును.

బాపు బల్ల తెచ్చి నడిమిట్ల పెట్టిండు. పావులు గూడ ఆయనే పేర్చిండు. ఎవ్వలు ఆడినా సరే, బల్ల కనవడ్డదంటే బాపు కండ్లల్ల ఒక వెలుగొస్తది. ఆ వెలుగు చూసి నేను నోరు మూసుకొని కూసున్న.

ఆచారం ప్రకారం నేనే ముందుగల్ల చెప్పిన. ఇక్కడ ఇందుకు ఇట్ల జరిపిన, ఇక్కడ నీ గుర్రాన్ని ఆపిన, ఇక్కడ నీకు జాగ లేకుంట చేసిన అనుకుంట గడగడ చెప్పుకుంట పోయిన. ఎర్ర పెన్సిలు కాడికి వచ్చి, "ఇదీ నా తప్పు. గీ ఒక్కటే" అన్న. బాపు తల ఊపిండు. బాలలక్ష్మి చెంపకు చెయ్యి పెట్టుకొని చివరిదాక విన్నది. నడుమల ఒక్కసారి గూడ నవ్వలేదు, అడ్డం రాలేదు.

"అయిందా?" అన్నది.

"అయింది."

"గా చివరి తప్పు ఇడిసెయ్. అలిసిపోయినప్పుడు గసొంటి తప్పు నేను గూడ చేస్త. జర ఎన్కకు పో." ఎత్తులు ఎన్కకు తీసుకుంట పోయింది. నేను మస్తు మంచిగ ఆడిన అనుకున్న కాడ ఆపింది. "ఇక్కడ కాస్లింగ్ ఎందుకు చెయ్యలే?"

తెల్వనోళ్లకు చెప్తున్న. కాస్లింగంటే రాజును నడిమిట్ల కెళ్లి తీసి మూల దిక్కు పంపి, పక్కకు ఏనుగును కాపలా పెట్టుడు. ఒక్క ఎత్తుల అయిపోతది.

"అవసరం లేకుండె" అన్న.

ఇంకో రెండెత్తులు ముందుకు జరిపింది. "ఇక్కడ?"

"ఇక్కడ గూడ లేకుండె."

"ఇక్కడ? నా రెండు ఏనుగులు నీ రాజుకు ఎదురుంగ వచ్చి నిలవడ్డయి. నడుమ నీ బంటు ఒక్కటే అడ్డమున్నది. వంతు నీదే. భయం కాలేదా?"

"ఎందుకు భయం? నా రాజుకేం కాదక్కడ."

"నాకు సమజైతలేదు ప్రమోదినీ. నిజంగనే అడుగుతున్న. నేను బంటును కొట్టి మీదికొస్తే నీ రాజు ఎటు పోతడు? చూపెట్టు."

"నువ్వు కొట్టేదాక ఆగుతడా? ముందే తప్పుకుంటడు, చూడు" అని రాజును పట్టుకొని లేపిన. రెండు గడులు ముందుకు, ఒక్క గడి పక్కకు. గుర్రం ఎగిరినట్టు ఎగిరిపిచ్చి పెట్టిన.

పెట్టినంక గానీ నేనేం చేసిన్నో నాకు తెల్వలే. చెయ్యి ఇంక రాజు మీదనే ఉన్నది.

ఇగ మా ఇంటి ఆట సంగతి చెప్పాలె. మా బాపు నాకు చిన్నప్పుడు నేర్పింది టోర్నమెంటుల ఆడే చెస్సు గాదు, మన దేశీ ఆట. ఆ ఆటల బంటు ఒక్క గడే జరుగుతది, కాస్లింగ్ ఉండది. దానికి బదులు రాజుకు ఒక హక్కున్నది. ఒక్కసారి కూడ చెక్ పడనంత వరకు, ఆట మొత్తంల ఒక్కసారి గుర్రం లెక్క ఎగురొచ్చు. అందుకే ఆ ఆట ఆడేటోళ్లు రాజును నడిమిట్లనే ఉంచుతరు, ఫికర్ చెయ్యరు. ఆపదొస్తే ఎగురుతడు గదా.

నాకు టోర్నమెంటు రూల్సన్నీ నోటికి వస్తయి. పోటీల రాజును ఎన్నడు ఎగిరిపియ్యలేదు, అంత తెలివి తక్కువదాన్ని గాను. కానీ రూలు తెలిసుంటే సాలదు, భయం గూడ తెలిసుండాలె. నా రాజు నడిమిట్ల ఒక్కడే నిలవడ్డప్పుడు నాకు రావాల్సిన భయం ఎన్నడు రాలే. లోపల ఏడనో ఒక ఎగురు మిగిలే ఉన్నదన్న ధైర్యం. పోయినేడు ఓడిన ఆట యాదికొచ్చింది. అంతకు ముందేడుది యాదికొచ్చింది. రెండింటిల నా రాజు నడిమిట్లనే చచ్చిండు. రెండింటికీ నేను ఎర్ర పెన్సిలు ఆఖరు ఎత్తు కాడనే పెట్టిన.

బాలలక్ష్మి నవ్వితే బాగుండు. నవ్వితే లొల్లి పెట్టుకుందును. ఆమె నవ్వలేదు. "ఇది ఏ ఆట?" అని మెల్లగ అడిగింది.

బాపు గొంతు సవరించుకున్నడు. "మా ఇంటి ఆట తల్లీ. నేను నేర్పిన."

"రోజు ఆడుతరా కాకా?"

"రోజు ఆడుతం. పొద్దుమూకంగ."

బాలలక్ష్మి నా దిక్కు చూసింది, బాపు దిక్కు చూసింది. చెప్పాల్నా వద్దా అని జరసేపు పరేషాన్ అయింది. ఆఖరికి చెప్పనే చెప్పింది. "ఏమనుకోకుండ్రి కాకా. ఆదివారం దాక గా ఆట ఆడకుండ్రి. రోజు సాయంత్రం చేతికి ఒకటి నేర్పి, పొద్దుగాల లేచి వద్దంటే చెయ్యి ఎట్ల వింటది?"

బాపు లేచి, తువ్వాల భుజం మీద ఏసుకొని, పెరట్లకు పోయిండు.

నాకు రక్తం తలకెక్కింది. నన్ను కన్న మా అవ్వ రుక్మాబాయి పోయిన కాన్నుంచి బాపు మాట్లాడుడే తక్కువ. పొద్దంత పేపరు చదువుతడు, రేడియో వింటడు, మొక్కలకు నీళ్లు పోస్తడు, అన్నం పెడితే తింటడు, లేకుంటే అడుగడు. ఒక్క ఆట కాడనే నోరు తెరుస్తడు. ఏనుగు జరుపుకుంట, అవ్వ పెండ్లైన కొత్తల కొండగట్టు మెట్లు ఎక్కలేక మధ్యల కూసొని ఏడ్చిన సంగతి చెప్తడు. బంటు జరుపుకుంట, భూములమ్మినప్పటి బాధ చెప్తడు. నాకు నా బాపు దొరికేది ఆ గంటల్నే. దాన్ని బంద్ చెయ్యమంటది, ఎవ్వతో వచ్చి.

"మా ఇంట్లకొచ్చి, మా బాపుతోని ఏం ఆడాల్నో ఏం ఆడొద్దో నువ్వు చెప్తవా? నీ బడి పిల్లలకు చెప్పుకో పో" అన్న. ఇంకా శాన అన్న. నా మనసు చెడగొట్టి ఆదివారం గెలువనీకే వచ్చినవన్న. రాజును చూసుకుంటనే కూసుంట, మిగిలిన బల్ల నీకిడిసిపెడ్త, గంతే గదా నీ ఆలోచన అన్న.

అన్నీ విన్నది. మొకం ఎర్రగైంది గానీ గొంతు లేవలేదు. "నేను చెప్పాల్సింది చెప్పిన. ఇప్పుడు నీ వంతు" అన్నది.

"నా వంతేంది?"

"నా ఆటల ఏం తప్పులున్నయో నువ్వు చెప్పాలె."

"నీ ఆటలనా? నీ ఆటల తప్పులుంటే నేనెందుకు ఓడుదును?"

"ఉంటయి ప్రమోదినీ. గెలిచినోళ్లకు ఎవ్వలు చెప్పరు, గదే కష్టం. మా క్లబ్బుల నన్ను మెచ్చుకునుడే తప్ప ఇంకో మాట లేదు. నువ్వు నా అంత ఆడుతవు, నీకు కనవడుతయి. సగం అందుకే వచ్చిన నేను."

"నాకేం కనవడలేదు" అన్న. అది నిజమే. ఆమె ఆటను నేనసలు చూడనేలేదు, నా ఏనుగు పోయిందని ఏడ్చుడుకే నాకు పొద్దు సరిపోయింది.

"సరే. కనవడితే చెప్పు" అని బ్యాగు భుజానికేసుకున్నది. "కాకకు చెప్పు, పోయొస్త. అయిదింటి బస్సు దాటితే మళ్ల మంచిర్యాలకు నేరుగ బస్సు లేదు." మా ఇంట్ల మంచినీళ్లు గూడ తాగకుంట గేటు దాటి పోయింది. సాగనంపనీకి నేను లేవలేదు.

బాపు పెరట్ల కెళ్లి వచ్చేవరకు నేను అట్లనే కూసున్న. "పోయిందా? చాయ్ గూడ పొయ్యకపోతివా బిడ్డా" అన్నడు.

"ఆమె మాటలు పట్టించుకోకు బాపు. పొద్దుమూకనియ్, మనం ఆడుకుందాం."

"వద్దు" అన్నడు. "ఆదివారం దాక వద్దు. ఆమె చెప్పింది నిజం."

"నీ ఆట తప్పు గాదు బాపు."

"తప్పని ఎవ్వలన్నరు? ఆ ఆట ఆ ఆటనే, ఈ ఆట ఈ ఆటనే. నువ్వు బడిల ఈ ఆట నేర్చుకొని వచ్చిన నాడు, రెండు ఒక్కటే బిడ్డా, ఏం భయపడకని చెప్పింది నేను. ఒక్కటి గాదు. నాకు తెల్సు, ఒక్కటి గాదని. నాతోని ఆడుడు బంద్ చేస్తవేమోనని అట్ల చెప్పిన."

నాకు ఏడుపాగలేదు. చిన్నపోరి లెక్క ఏడ్చిన. ఆయన మీద కోపం రాలే, ఒక్కింత గూడ రాలే. రేపటి కెళ్లి పొద్దుమూకితే ఈ మనిషి ఏం చేస్తడన్న బాధ తప్ప నాకింకోటి లేదు. "మరి నువ్వేం జేస్తవు బాపు ఆ టైముకు?" అని అడిగిన.

"నువ్వు నీ ఆట చూసుకో. నేను పక్కన కూసొని చూస్త" అని నా ఎదురుంగ, బాలలక్ష్మి కూసున్న కుర్చీల కూసున్నడు.

బల్ల మీద పావులు ఆమె ఆపిన కాడనే ఉన్నయి. నేను ఎగిరిపిచ్చిన రాజును తీసి మళ్ల నడిమిట్ల, దాని గడిల పెట్టిన. బాపు అద్దాలు తుడుసుకొని, ఆమె పావుల దిక్కు నుంచి బల్లను చూసుకుంట కూసున్నడు. కుక్కర్ పెట్టాలె, బట్టలు తియ్యాలె అనుకుంట నేను లేవబోయిన.

"ఆగు" అన్నడు. "ఆమె రాజును చూసినవా?"

"ఏమున్నది? కాస్లింగ్ చేసుకొని మూలకున్నడు. మంచిగనే ఉన్నడు."

"మంచిగ ఏడున్నడు? ముందట మూడు బంట్లు. ఒక్కటి గూడ కదల్లేదు. మన ఆటలనైతే ఎగిరి బయటపడుతడు. ఈ ఆటల ఎటు పోతడు బిడ్డా?"

నేను కూసున్న. చూసిన. ఆమె రెండు ఏనుగులు నా రాజు కోసం ముందుకొచ్చినయి. వాటెనుక ఆమె గుర్రమే అడ్డం నిలవడ్డది, ఏనుగులు ఎన్కకు పోదామన్నా తొవ్వ లేదు. ఆమె ఆఖరి వరుసల రాజు ఒక్కడే ఉన్నడు, కాపలా లేదు. నా ఏనుగు ముందట గల్లీ మొత్తం ఖాళీగున్నది. ఏనుగును చేతుల పట్టుకొని ఆ గల్లీల ఆఖరి వరుస దాక తీసుకపోయిన. చెక్. ముందుకు పోదామంటే రాజుకు తన బంట్లే అడ్డం. పక్కకు పోదామంటే నా ఏనుగు. అడ్డం రానీకి ఎవ్వలు లేరు. ఆట అయిపోయింది.

వంతు నాదే అప్పుడు. అంటే నేను గెలిచిన ఆటను ఓడిపోయిన. బాలలక్ష్మికి తెల్వదు. నాకు తెల్వదు. ఎన్ని సలహాలు చెప్పినా వకీలు సారుకు, హనుమండ్లన్నకు తెల్వదు. రాజుకు ఎగిరే హక్కు పోతే ఎంత ఊపిరాడదో, ఆ హక్కుకు అలవాటు పడ్డ మనిషికే కనవడ్డది.

ఇంకోటి గూడ యాదికొచ్చింది. మంచిర్యాలల నా ఆట లేనప్పుడు పక్క బల్లల మీద ఆమె ఆడిన ఆటలు చూసిన. అన్నిట్ల గట్లనే. రాజును మూలకు పంపుతది, ముందటి బంట్లను ముట్టుకోదు, ఉన్న బలగాన్నంత దాడికి పంపుతది. కాస్లింగ్ అయితే ఇగ ఫికర్ లేదనుకుంటది. నాది నడిమిట్ల ధైర్యం, ఆమెది మూలకు ధైర్యం.

ఆదివారం గూడ ఆమె గట్లనే ఆడుతది. అబద్ధమెందుకు, మస్తు సంతోషమైంది. సీటు నా చేతుల ఉన్నది. హైదరాబాదు, జట్టు, కొలువు, అన్నీ ఆ ఒక్క ఖాళీ వరుసల కనవడ్డయి.

బాపు నా దిక్కే చూస్తున్నడు. ఏం అంటలేడు. ఆయన అననందుకే నేను మాట్లాడవలసి వచ్చింది.

"ఆమె పోయింది గదా బాపు. ఉన్నప్పుడు కనవడలేదు, కనవడితే చెప్పేదాన్నే. ఇప్పుడు ఉత్తరం రాస్తే ఆదివారం లోపల అందదు."

నేను పని చేసేది టెలిఫోన్ ఎక్స్చేంజిల, మంచిర్యాల క్లబ్బుల ఫోనున్నది. ఆ మాట బాపు అనవలసిన పని లేకుండె.

"అయినా అది వాళ్ల ఊరి ఆచారం. మనది గాదు" అన్న.

"కాదు" అన్నడు బాపు. "మనది గాదు." ఆ మాటల ఎత్తిపొడుపు ఉన్నదేమోనని వెతికిన, లేదు. తప్పో ఒప్పో తేల్చుకునుడు నాకే ఇడిసిపెట్టిండు. దానికంటె తిట్టినా బాగుండు.

మళ్లొకసారి ఏనుగును తీసుకొని మొదటి జాగల పెట్టిన. మళ్ల లేపిన. నా మూడేండ్ల ఓటమి అంత ఆ ఏనుగుల ఉన్నది. ఇన్నేండ్లు ఒక్కరు గూడ నా తప్పు నాకు చెప్పలేదు. చెప్పినామె మంచినీళ్లు తాగకుంట పోయింది.

అప్పుడే గేటు చప్పుడైంది.

బాలలక్ష్మి. చెమటతోని తడిసి ఉన్నది. "బస్సు తొవ్వల చెడిపోయిందట కాకా, ఇయ్యాల ఇగ రాదన్నరు. ఈ ఊర్ల నాకు తెల్సినోళ్లు ఎవ్వలు లేరు. ఇయ్యాల్టికి మీ ఇంట్ల ఉండొచ్చా?" అని బాపును అడిగింది. నన్ను అడుగనీకి ధైర్యం రాలేదు గావచ్చు.

"అదేం మాట తల్లీ, రా" అన్నడు బాపు. కుర్చీల కెళ్లి లేచి, "ముందు చాయ్ పెడ్త" అని లోపటికి పోయిండు. పొయ్యికాడ ఏ డబ్బల ఏమున్నదో ఆయనకు తెల్వదు. అయినా పోయిండు.

బాలలక్ష్మి బ్యాగు దించి, బాపు లేచిన కుర్చీల నా ఎదురుంగ కూసున్నది. బల్ల దిక్కు చూసింది. పావులు ఆ ఎత్తు కాడనే ఉన్నయి.

"ఇంకా చూస్తనే ఉన్నవా? అంత లొల్లి అయినంక మళ్ల చూడవనుకున్న" అన్నది. మొకంల అలసట ఉన్నా, గొంతుల నిజంగ సంతోషం ఉన్నది. "నా ఆటల ఏమన్న కనవడ్డదా ప్రమోదినీ?"

ఏనుగు నా పిడికిట్లనే ఉన్నది.